తాళం మాస్టారి చిలకపాఠం

చెవుల మేడమ్ వచ్చేసిందని కింద గేటు దగ్గర్నుంచి కబురు రాగానే మూడో అంతస్తులో ఉన్నవాళ్ళంతా గబగబా మంచినీళ్ళు తాగారు. ఆ ఆఫీసులో గొంతే పెట్టుబడి. అది ఆరిపోతే ఇంట్లో పొయ్యి కూడా ఆరిపోతుంది.

ఇంటి సామాన్లు చేసే ఒక పెద్ద కంపెనీ తరఫున ఫోన్లలో జవాబులు చెప్పే ఆఫీసు అది. ఫ్యాను తిరగకపోయినా, కుక్కరు కూత మానేసినా, కొనబోయే బాణలి మీద ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఫోను మోగేది అక్కడే. ఫోను చేసేవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లీషులో మాట్లాడతారు. అందుకని కొత్తగా చేరినవాళ్ళను ముందు ఓ గాజు గదిలో కూచోబెట్టి ఉచ్చారణ నేర్పిస్తారు. నేర్చుకోవడం అయ్యాక కంపెనీ పంపిన మేడమ్ వచ్చి పరీక్ష పెడుతుంది. ఆమె ముఖం చూడదు, బట్టలు చూడదు, ఏం చదివావని అడగదు. పక్కగదిలో కూచుని హెడ్‌సెట్ తగిలించుకుని గొంతు ఒక్కటే వింటుంది. సరేనంటే ఉద్యోగం, ఊహూఁ అంటే ఇంటికి. అందుకే ఆమెకు ఆ పేరు.

గాజు గదిలో పాఠం చెప్పే మనిషిని అందరూ తాళం మాస్టారంటారు. ఇంగ్లీషు మాట ఏదైనా సరే, ముందు దాని అక్షరాలను పెన్నుతో బల్ల మీద కొట్టి చూపిస్తాడు. ఊనిక పడే అక్షరానికి గట్టి దెబ్బ, మిగతావాటికి చిన్న దెబ్బలు. అక్షరాలు పలకడం ఎవరైనా పలుకుతారు, బరువు ఎక్కడ దించాలో తెలిసినవాడికే భాష వచ్చినట్టు అని ఆయన సిద్ధాంతం. అప్పటిదాకా ఆయనది తాత్కాలికపు కొలువే. ఈ బ్యాచ్ గట్టెక్కితే ఖాయం చేస్తామని పైవాళ్ళు మాటిచ్చారు. గట్టెక్కకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

ఆ అంతస్తుకు మేనేజరు ఆయన భార్యకు స్వయానా అన్న. వరసకు ఇద్దరూ బావలే. మాస్టార్ని అక్కడ పెట్టించిందీ ఆయనే. చెవుల మేడమ్ లిఫ్టు దిగేలోపు మేనేజరు బావ మాస్టార్ని మంచినీళ్ళ కూలరు పక్కకు లాక్కెళ్ళాడు.

"చూడు బావా, ఇవాళ నువ్వు నోరు విప్పే పనే లేదు. వాళ్ళు చదువుతారు, ఆవిడ వింటుంది. నువ్వో మూల కూచుని నవ్వుమొహం పెట్టు చాలు. ఏమన్నా అడిగితే నేను చెబుతాను."

"స..." అని మాస్టారు ఒక్క క్షణం ఆగి, "అట్లాగే" అన్నాడు.

సరే అనబోయాడు. స దగ్గర నాలుక మొరాయించింది. మాస్టారికి నత్తి. ఆ సంగతి ఆ భవనంలో తెలిసింది బావ ఒక్కడికే. ఎవరికీ తెలియకుండా ఆయన దాన్ని ఎలా దాచుకొచ్చాడంటే అదో పెద్ద విద్య. మాట గొంతులో అడ్డం పడబోతోందని రెండు మాటల ముందే ఆయనకు తెలిసిపోతుంది. వెంటనే దాన్ని వదిలేసి ఇంకో మాట అందుకుంటాడు. మంగళవారం అనలేకపోతే ఎల్లుండి అంటాడు. పెళ్ళయిన కొత్తలో భార్యను పేరుపెట్టి పిలవకుండా ఏమోయ్ ఏమోయ్ అంటూ ఏడాది కాపురం లాక్కొచ్చాడు, ఆమె పేరు మ మీద మొదలవుతుంది కాబట్టి. పాపం ఆవిడ అదంతా ముద్దనుకుంది. ఇలా పక్కదారులు పట్టీ పట్టీ ఆయనకు మాటల గుట్టుమట్లన్నీ తెలిసిపోయాయి. ఏ మాటలో ఏ అక్షరం ఎంత బరువో, ఏది తేలిగ్గా దాటొచ్చో ఆయనంత బాగా తెలిసినవాడు ఆ ఆఫీసులో లేడు. అంతటివాడు మాట చెప్పడానికి భయపడతాడు. దేవుడి తమాషాలు అలాగే ఉంటాయి.

పాఠంలో ఒక్క భాగం దగ్గర మాత్రం ఆయన పప్పులు ఉడకలేదు. కంపెనీ సామాన్ల వర్ణనల నిండా జంట విశేషణాలే. అడుగు మందంగా ఉన్న బాణలిని హెవీ-బాటమ్డ్ అంటారు. తుప్పు పట్టనిది రస్ట్-ప్రూఫ్. ఎడమచేతివాళ్ళ కత్తెర లెఫ్ట్-హ్యాండెడ్. పాతకాలపు వాటం ఉన్నది ఓల్డ్-ఫ్యాషన్డ్. ఇవి నేర్పేటప్పుడు బాటమ్డ్ అనడానికి నోరు రాలేదని ఇంకోటి అంటే కుదరదు. నేర్పుతున్నదే ఆ మాట.

ఆ పాఠం మొదలుపెట్టిన రోజు గది అంతా నవ్వులే.

"రెండు మాటలకు పెళ్ళి చేశామనుకోండి," అన్నాడు మాస్టారు. "ఇంట్లో ఎవరి గొంతు పెద్దదో ముందు తేల్చుకోవాలి. రస్ట్-ప్రూఫ్ లాంటి కాపురాల్లో మొదటివాళ్ళదే పెత్తనం, రెండోవాళ్ళు నోరెత్తరు. హెవీ-బాటమ్డ్, ఓల్డ్-ఫ్యాషన్డ్ ఉన్నాయే, ఇవి గడుసు కాపురాలు. ఇద్దరే ఉన్నప్పుడు రెండోవాళ్ళ గొంతు పైకి లేస్తుంది. ఇంటికి చుట్టం వస్తే, అంటే వెనక బాణలి, గిన్నె లాంటి మాట వచ్చి కూచుంటే, మొదటివాళ్ళు పెద్దరికం లాగేసుకుంటారు."

"మా ఇంట్లో చుట్టాలొచ్చినా నాదే పైచేయండీ," అంది టైలరక్క. బ్యాచ్‌లో అందరికంటే పెద్దావిడ. ఇరవైయేళ్ళు మిషను తొక్కి, సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళు సహకరించక ఈ పనికి వచ్చింది. ఇంట్లో సంపాదించేది ఆవిడొక్కతే.

మాట చివర తగిలించే -ఎడ్ అనే తోక సంగతీ చెప్పాడు మాస్టారు. హ్యాండ్‌కు తగిలిస్తే తోక ఇంకో అక్షరమై కూచుంటుంది, ఫ్యాషన్‌కు తగిలిస్తే చప్పుడు లేకుండా ఒదిగిపోతుంది. బల్ల మీద కొట్టి చూపించాడు. హ్యాండెడ్‌కు రెండు దెబ్బలు, ఫ్యాషన్డ్‌కూ రెండే. అంతవరకూ బాగానే ఉంది. మాట నోటితో చెప్పాల్సి వచ్చినప్పుడు హెవీ అని, అక్కడ చిన్నగా ఊపిరి బిగబట్టి, పెన్ను గాల్లో ఆపి, బ మీదికి దూకేవాడు. ఆ కాస్త వ్యవధి దొరికితే దాటేసేవాడు. ఎవరికీ అనుమానం రాలేదు. రాలేదు కదా అని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

నేర్పే పద్ధతికి చిలకపాఠం అని ఆయనే పేరు పెట్టాడు. అందరూ హెడ్‌సెట్లు తగిలించుకుని గోడవైపు తిరిగి కళ్ళు మూసుకోవాలి. మాస్టారు మైకులో అన్నది అన్నట్టు అందరూ ఒక్క గొంతుగా అనాలి. అర్థం వెతకకూడదు, నవ్వకూడదు, దిద్దకూడదు. "మీ బుర్రలు చెప్పుల పక్కన వదిలేసి చెవులు మాత్రం లోపలికి తెచ్చుకోండి," అని మొదటిరోజే చెప్పాడు. ఆయన చాలు అనేదాకా చిలకలు ఆగకూడదు. ఒకసారి మధ్యలో ఆయన తుమ్మితే గదంతా తుమ్మింది.

చెవుల మేడమ్ పొట్టిగా, చామనఛాయగా, ఎవరింటి పక్కనైనా ఉండే పిన్నిలా ఉంది. పలకరింపులేం పెట్టుకోకుండా పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఒక్కొక్కరూ మైకు ముందు కూచుని బాణలి వర్ణన ఒకటి, కత్తెర వర్ణన ఒకటి చదివి వచ్చారు. మాస్టారు గాజు గోడ ఇవతల నిలబడి పెదవులు చూశాడు. మాటలు వినబడవు. ఒకప్పుడు సెక్యూరిటీగార్డుగా చేసిన పొడుగాటి కుర్రాడు చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఊనికలన్నీ సరిగ్గా వేశాను సార్," అన్నాడు. టైలరక్క చదివేటప్పుడు వేళ్ళతో ఒడిలో తాళం వేసుకుంటూ చదివింది. మాస్టారికి కాస్త ధైర్యం వచ్చింది.

అందరూ అయ్యాక మేడమ్ తలుపు తీసి బావనూ మాస్టార్నీ లోపలికి పిలిచింది.

"ఊనికలు బాగున్నాయి," అంది. "వెనక ఇంకో మాట లేనప్పుడు ఎక్కడ, ఉన్నప్పుడు ఎక్కడ, అది కూడా పట్టుకున్నారు. ఇది నేర్పడం చాలా కష్టం. కానీ ఈ రోగం ఏంటి?"

రికార్డు చేసుకున్నది వినిపించడానికి మీట నొక్కింది. పొడుగాటి కుర్రాడి గొంతు. హెవీ, అని ఆగింది. ఒక చిన్న ఊపిరి. బాటమ్డ్. ఇంకో మీట. ఇంకో గొంతు. ఓల్డ్, ఊపిరి, ఫ్యాషన్డ్. ఇంకోటి. ఇంకోటి. ఆడ గొంతులు, మగ గొంతులు, కీచు గొంతులు, బొంగురు గొంతులు, అన్నీ ఒకే చోట గుమ్మానికి కాలు తగిలినట్టు ఆగి, ఊపిరి బిగబట్టి, ఎగిరి దాటుతున్నాయి.

మాస్టారు గుర్తుపట్టాడు. ఆ ఊపిరి ఆయనదే. నలభై ఏళ్ళుగా ఎవరి కంటా పడకుండా దాచుకున్నది ఇరవై నోళ్ళలో బతుకుతోంది. వాళ్ళు దాన్ని మాటలో భాగం అనుకున్నారు. కష్టపడి, ఇంటికెళ్ళి సాధన చేసి మరీ నేర్చుకున్నారు.

"ఫోన్లో ఇంత ఖాళీ వస్తే అవతలివాళ్ళు లైను తెగిందనుకుంటారు," అంది మేడమ్. "ఒకరిద్దరైతే సర్దుకోవచ్చు. అందరికీ ఇదే. ఎక్కడ్నుంచి వచ్చిందిది?"

బావ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మాతృభాష ప్రభావం మేడమ్. మనవాళ్ళు ప్రతి మాటా విడివిడిగా పలుకుతారు కదా. ఈసారి తీసుకున్నవాళ్ళు కూడా అంతంతమాత్రం. మాస్టారు మొత్తుకుంటూనే ఉన్నారు."

అత్త మీద కోపం దుత్త మీద అంటారు, ఇక్కడ కోపం కూడా లేదు, దుత్త మాత్రం పగిలింది. మేడమ్ మాస్టారి వైపు చూసింది. "అంతేనా మాస్టారూ?"

మాస్టారు తల ఊపాడు. ఔనన్నట్టూ ఉంది, కాదన్నట్టూ ఉంది. నీళ్ళు నమలడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్యే అయినా, ఆ క్షణంలో నమిలినంత చేదుగా ఎప్పుడూ నమల్లేదు.

"అయితే ఈ బ్యాచ్‌ని పంపేయండి," అంది మేడమ్. "వచ్చేవారం కొత్తవాళ్ళను తీసుకోండి. మాస్టారు ఉండొచ్చు, ఊనికలు నేర్పిన తీరులో వంక పెట్టడానికి లేదు. టీ తాగొచ్చి కాగితాలు రాస్తాను."

ఆమె వెళ్ళగానే బావ గుండెల మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. "పెద్ద గండం తప్పింది బావా. నీ కొలువు ఖాయం. ఇక వాళ్ళకి చెప్పడం నా పని. తేలు కుట్టిన దొంగలా గమ్మునుండు."

"వాళ్ళ తప్పు లేదు," అన్నాడు మాస్టారు.

"నీ తప్పు మాత్రం ఉందా? నువ్వేమైనా కావాలని నేర్పావా? నా చెల్లెలి మొహం చూడు. నా మొహం చూడు. నీ గొంతు గంగాప్రవాహం అని నేను సంతకం పెట్టి ఇచ్చాను ఇక్కడ. నువ్వు నోరు తెరిస్తే ఇద్దరి కొంపలూ మునుగుతాయి."

అది నిజమే. మాస్టారు వరండాలోకి వచ్చాడు. టైలరక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆయన మొహం చూడగానే ఆవిడకు సగం అర్థమైంది.

"పోయిందా సార్?"

ఆయన కిటికీ బయటికి చూశాడు.

"ఏం తప్పు చేశామో చెప్పండి సార్, దిద్దుకుంటాం. ఊనిక తప్పామా? తోకను విడి అక్షరం చేశామా?" ఆవిడ ఒక అడుగు ముందుకు వేసింది. "మిగతావేమో గానీ, మధ్యలో ఆ ఆగడం ఉంది చూడండి, అది మాత్రం నా అంత బాగా ఎవరికీ రాలేదు. మొదట్లో నాకసలు వచ్చేది కాదు, గబుక్కున కలిపేసేదాన్ని. మా అమ్మాయిని ఎదురుగా కూచోబెట్టుకుని వారం రోజులు సాధన చేశాను. మీలాగే ఊపిరి పట్టి, మీలాగే వదలడం. అదీ తప్పేనంటారా?"

మాస్టారు ఆ మాటలు లోపల మళ్ళీ విన్నాడు. ముందు ఆవిడకు వచ్చేది కాదట. అంటే ఆవిడ నోరు మొదట సరిగ్గానే ఉంది. తను పాడుచేశాడు. సిగ్గు వేసింది, దానికంటే ఎక్కువగా భయం వేసింది.

ఆయన గిర్రున వెనక్కి తిరిగి మేడమ్ టీ తాగుతున్న గదిలోకి వెళ్ళాడు. "ఒక్క అవకాశం ఇవ్వండి. ఇప్పుడే ఇంకోసారి పాఠం చెబుతాను. ఆ ఖాళీ తీసేస్తాను. తర్వాత మీరు మళ్ళీ వినండి."

అప్పటికీ ఆయన నిజం చెప్పలేదు. కర్ర విరక్కుండా, పాము చావకుండా గట్టెక్కుదామనే చూశాడు. ఊపిరి పట్టకుండా మాటను ఒక్క దూకులో చెప్పగలిగితే చిలకలు అదే అందుకుంటాయి, ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. ఎన్నోసార్లు ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాడు. గోడలతో మాట్లాడేటప్పుడు ఆయనకు నత్తి ఉండదు.

"మంచిదే," అంది మేడమ్ కప్పు కింద పెడుతూ. "మైకులో మీరే చెప్పండి. నేనూ హెడ్‌సెట్ పెట్టుకుని వింటాను."

వెనకాల వచ్చిన బావ ఆయన మోచెయ్యి గట్టిగా నొక్కాడు. మాస్టారు విడిపించుకున్నాడు.

గాజు గదిలో కుర్చీలు గోడవైపు తిరిగాయి. హెడ్‌సెట్లు తలలకెక్కాయి. కళ్ళు మూతలు పడ్డాయి. ఇదే ఆఖరి అవకాశం అని ఎవరూ చెప్పకపోయినా అందరికీ తెలుసు, ఒక్క కుర్చీ కూడా కిర్రుమనలేదు. మేడమ్ మూల కూచుంది. బావ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు.

మాస్టారు మైకు దగ్గరికి లాక్కున్నాడు. "చిలకపాఠం," అన్నాడు. "మొదలు."

రస్ట్-ప్రూఫ్‌తో మొదలుపెట్టాడు. ప మీద చిన్నగా గరుకు తగిలింది గానీ బయటపడ్డాడు. రస్ట్-ప్రూఫ్, అంది గది. ఖాళీ లేదు. లెఫ్ట్-హ్యాండెడ్. అదీ వచ్చింది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మేడమ్ తల కాస్త ఆడించింది.

హెవీ-బాటమ్డ్. దాన్ని తప్పించుకోవడానికి లేదు, మేడమ్ మీట నొక్కి వినిపించిన మొదటి మాటే అది. ఊపిరి పట్టకూడదు, ఆగకూడదు, హెవీ మీద నుంచి బ మీదికి జారిపోవాలి. అలవాటైన ఆ చిన్న ఆగడం లేకుండా ఆయన ఎప్పుడూ నలుగురిలో దాన్ని దాటలేదు.

"హెవీ-బ," అన్నాడు.

పెదవులు అతుక్కుపోయాయి.

"హెవీ-బ-బ. బ. బ-బ-బాటమ్డ్."

ఆ తర్వాత గదిలో ఉన్న నిశ్శబ్దం ఎంతో సేపు లేదు, ఒక ఊపిరంత. ఆ ఊపిరిలో మాస్టారు ఎవరో కిసుక్కుమంటారని ఎదురుచూశాడు. చిన్నప్పటి నుంచి ఆ చప్పుడు కోసం ఆయన చెవి ఎప్పుడూ కాచుకునే ఉంటుంది.

"హెవీ-బ-బ. బ. బ-బ-బాటమ్డ్," అంది గది.

ఇరవై గొంతులు. ఒక్క బ తగ్గలేదు, ఒక్కటి ఎక్కువ కాలేదు. మధ్యలో పెదవులు అతుక్కుపోయిన చోట కూడా అంతే సేపు అతుక్కున్నాయి. టైలరక్క కళ్ళు గట్టిగా మూసుకుని, నుదురు ముడిచి, ఏదో కొత్త పాఠం అనుకుని ప్రాణం పెట్టి అంది. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. అదే ఆయనను నిలువునా కోసింది. వెక్కిరిస్తే ఏం చేయాలో ఆయనకు తెలుసు, ఇంత శ్రద్ధగా నేర్చుకుంటే ఏం చేయాలో తెలియదు.

"ఏంటిది?" మేడమ్ లేచి నిలబడింది. "వేళాకోళమా? పాఠం చెప్పే మనిషిని..."

"అవును మేడమ్, పొగరు చూశారా," బావ అందుకున్నాడు. "చెప్పాను కదా, అందుకే ఈ బ్యాచ్..."

"కాదు," అన్నాడు మాస్టారు.

కాదు, అంది గది.

ఆయన మైకు ముందు నుంచి కదల్లేదు. చాలు అనడం కూడా మరిచిపోయాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి, రాబోయే మాట అడ్డం పడుతుందని ముందే తెలిసి కూడా, పక్కకు తప్పుకోకుండా దాని మీదికే నడిచాడు.

"ఆ ఆగడం మాటది కాదు. న-న-నాది."

ఆ ఆగడం మాటది కాదు, అంది గది. న-న-నాది.

"నాకు న-నత్తి. మ-మ-మీకు లేదు."

నాకు న-నత్తి, అన్నారు ఇరవై మంది, కళ్ళు మూసుకుని. మ-మ-మీకు లేదు.

అంతలో పొడుగాటి కుర్రాడు తను ఏమన్నాడో తనకే అర్థమై కళ్ళు తెరిచాడు. పక్కవాళ్ళు ఒక్కొక్కరే తెరిచారు. హెడ్‌సెట్లు దించి వెనక్కి తిరిగారు. టైలరక్క చివర్న తిరిగింది. మాస్టారికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. తన నోట్లో ఎన్నడూ పలకని మాట ఇరవై నోళ్ళలో ఒకేసారి విన్నాడు, పైగా ఊనిక సహా సరిగ్గా పలికారు.

"చాలు," అన్నాడు అప్పుడు.

బావ తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. మేడమ్ మాత్రం నిలబడే ఉంది. మాస్టారు ఆమె వైపు చూడలేదు, చూస్తే కాళ్ళు ఆగవు. పెన్ను తీసుకుని బల్ల ముందుకు వచ్చాడు.

"ఇప్పుడు నేను చెప్పను. క-కొడతాను. మీరు అనండి. మధ్యలో గుమ్మం లేదు. నడిచిపోవడమే."

నాలుగు దెబ్బలు కొట్టాడు. రెండు చిన్నవి, ఒకటి గట్టిది, ఇంకొకటి చిన్నది. ఎక్కడా ఎడం లేదు. చేతికి నత్తి లేదు కదా. గది అంతా హెవీ-బాటమ్డ్ అంది. మొదటిసారి ఒకరిద్దరు అలవాటు కొద్దీ ఆగారు. మళ్ళీ కొట్టాడు. ఓల్డ్-ఫ్యాషన్డ్‌కు కొట్టాడు. వెనక చుట్టాన్ని తెచ్చి ఊనిక ముందుకు జరిపి కొట్టాడు. వాళ్ళు అంటూనే ఉన్నారు. బల్ల అదిరింది, పెన్ను మూత ఎగిరిపోయింది. టైలరక్కకు మాత్రం ఎంతకీ రాలేదు. హెవీ దగ్గరికి రాగానే ఊపిరి దానంతటదే ఆగిపోతోంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాస్టారు ఆవిడ కుర్చీ పక్కనే చేరి, ఆవిడ ముందున్న బల్ల మీదే కొట్టాడు, మళ్ళీ మళ్ళీ, ఆగిన ప్రతిసారీ మొదటి నుంచి.

చాలాసేపటికి ఒకసారి ఆగలేదు. ఆవిడ గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మేడమ్ పక్కగదిలోకి వెళ్ళి హెడ్‌సెట్ తగిలించుకుంది. మళ్ళీ ఒక్కొక్కరే మైకు ముందుకు వెళ్ళారు. ఈసారి ఇద్దరు ముగ్గురికి తప్ప అందరికీ సరేనంది. ఆ ఇద్దరు ముగ్గురినీ ఇంకో వారం సాధన చేయించమంది. టైలరక్క పేరు సరేననిపించుకున్నవాళ్ళలోనే ఉంది.

తర్వాత మాస్టార్ని పిలిచింది. కూచోమంది. ఆమె గొంతులో కాఠిన్యం లేదు, మెత్తదనమూ లేదు.

"మీరు చెప్పకపోతే వీళ్ళందరినీ నేను అన్యాయంగా పంపేసేదాన్ని. అందుకు నాకు మీ మీద కోపంగా ఉంది, గౌరవంగానూ ఉంది. కానీ మాస్టారూ, మైకులో మాట చెప్పేవాడి ఉచ్చారణకు వంక ఉండకూడదని నియమం. విన్నది విన్నట్టు రాయడమే నా ఉద్యోగం. తర్వాతి బ్యాచ్ మీకు ఇవ్వొద్దని రాస్తున్నాను."

"ర-ర-రాయండి," అన్నాడు మాస్టారు. ఆమె ఆ మాట పూర్తయ్యేదాకా ఆగింది.

బావ ఆ రోజంతా ఆయనకు దూరంగానే తిరిగాడు. ఒక్కసారి ఎదురుపడ్డాడు. "సంతకం పెట్టింది నేను. ఇంటికెళ్ళి మా చెల్లికి నువ్వే చెప్పుకో," అని వెళ్ళిపోయాడు. అందులోనూ తప్పేం లేదు.

సాయంత్రం మాస్టారు సంచీ తీసుకుని మెట్ల మీదుగా దిగుతున్నాడు. మామూలుగా మెట్లు వాడే మనిషి కాదు, లిఫ్టులో బ్యాచ్ వాళ్ళు ఉంటారని ఇవాళ మాత్రం దిగాడు. రెండో అంతస్తు మలుపులో టైలరక్క నిలబడి ఉంది. ఆయన కోసమే.

ఉద్యోగం వచ్చిన మనిషి మొహంలా లేదు ఆవిడది. కోపంగా ఉంది.

"సార్, ఒక మాట అంటే ఏమీ అనుకోరుగా?"

"అనండి."

"మీకు ఉద్యోగం పోయిందని చెప్పారు. నాకు బాధగా ఉంది, అబద్ధం కాదు. కానీ ఈ మాట అనకుండా ఇంటికెళ్తే నాకు నిద్ర పట్టదు. మొదటిరోజే చెప్పుండొచ్చు కదా సార్? నాకు ఇలా ఉంది, ఈ ఆగడం నేర్చుకోకండి అని ఒక్క ముక్క. మేం నవ్వేవాళ్ళమా? నవ్వితే నవ్వేవాళ్ళం, ఒక పూట. మా ఇంట్లో బియ్యం ఈ ఉద్యోగం మీద ఉన్నాయి. మా అమ్మాయి నాతో కూచుని వారం రోజులు మీ ఊపిరి నాకు నేర్పింది సార్. దానిక్కూడా ఇప్పుడు అలవాటైపోయింది. స్కూల్లో అట్లాగే చదువుతోంది."

ఆవిడ చివరి మాట అనాలని అనలేదు, వచ్చేసింది. మెట్ల మీద పైనుంచి ఎవరో దిగుతున్న చప్పుడు. ఆయనకు అందుబాటులో చాలా మాటలున్నాయి. పొరపాటైంది అనొచ్చు. ఏం చేయను అనొచ్చు. తల వంచుకుని దండం పెట్టినా సరిపోతుంది. అవన్నీ నున్నగా, తేలిగ్గా వచ్చేస్తాయి.

"మ," అన్నాడు. "మ-మ."

పైనుంచి దిగేవాళ్ళు పక్కనుంచి వెళ్ళిపోయారు. టైలరక్క ఆ మాట ఏమిటో అర్థమైనా అందించలేదు, తల కూడా ఊపలేదు. సంచీ ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని, ఎదురుగా నిలబడింది.

"మ. మ-మ. మ-మన్నించండి," అన్నాడు ఆయన. "అమ్మాయిని ఒకసారి తీసుకురండి. తాళం వేసి న-నేనే మాన్పిస్తాను."

"ఎక్కడికి తీసుకురాను సార్? మీరిక్కడ ఉండరు కదా."

మాస్టారు తన ఇంటి చిరునామా చెప్పడం మొదలుపెట్టాడు. అందులో ప ఉంది, బ ఉంది, మ రెండు చోట్ల ఉంది. చాలాసేపు పట్టింది. ఆవిడ మొత్తం విని, ఒకసారి తిరిగి అప్పజెప్పింది, ఎక్కడా ఆగకుండా.